ఒక ఏనుగు తక్కువ

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నాకు అక్షరాలు పట్టుబడింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తు ఉండాల్సిన చోట లేకపోయినా, అక్కర్లేని చోట ఉన్నా, చదివే మీరే సర్దుకోండి. రాయడం కూడా మహా నిదానం. ఈ కథ మొదలుపెట్టినప్పుడు పెరట్లో బీరపాదు పూత మీద ఉంది. ఇప్పుడు కాయలు ముదిరి పీచయ్యాయి. కథ నాది కాదు, ఆదెమ్మది. ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని చదువుకున్నాం కాబట్టి ఆమెకు ఏం జరిగిందో, ఏమనుకుందో నాకు బాగా తెలుసు. ఇక నేను పక్కకు తప్పుకుంటాను.

ఆదెమ్మ పొగాకు గ్రేడింగు కూలీ. ముప్పై ఎనిమిదేళ్లు షెడ్డులో మఠం వేసుక్కూర్చుని, తల వంచుకుని, ఆకు రంగు చూసి వేరు చేసింది. నిమ్మపండు రంగుది ఒక కుప్ప, నారింజ రంగుది ఒక కుప్ప, మచ్చలది ఒక కుప్ప. చూపు మందగించాక పని మానేసి, అదే షెడ్డులో ఒక మూల అక్షర వికాస మండలి వారు పెట్టిన వయోజన విద్యా కేంద్రంలో చేరింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చదువు. ఇరవై మంది అభ్యాసకులు, ఒక నల్లబల్ల, ఒక పంతులమ్మ.

పంతులమ్మ పేరు కరుణ. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి పొడిగిస్తారు. మండలి వారిచ్చిన వాచకంలో మొదటి పాఠం "తబల". రెండో పాఠం "పడవ". నెల తిరిగేసరికి సగం మంది రావడం మానేశారు.

"ఈ వయసులో నాకు తబల దేనికమ్మాయ్?" అంది ఆదెమ్మ. "వాయించనా, వండుకు తిననా?"

కరుణ వాచకం మూసేసి ఒక ఆట కట్టింది. మణిగిరి అని ఒక ఊరు ఉందనుకోమంది. ఆ ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టాలి. కానీ రంగు పూసుకునేది లేదు, గెంతేది లేదు. వేషమంతా రాతలోనే. ఫోన్లో అందరికీ కలిపి ఒక గ్రూపు పెట్టి, ఎవరి పాత్ర ఏం చేసిందో ఏమందో వాళ్లు అందులో రాయాలి. రాసింది జరిగినట్టు. రాయంది జరగనట్టు. ఆ ఊరి చట్టం అంతే.

కాశయ్య అని, రైల్వే గూడ్సు షెడ్డులో నలభై ఏళ్లు మూటలు మోసిన మనిషి, అందరికంటే ముందు చెయ్యెత్తి "నేను రాజు" అన్నాడు. ఆదెమ్మ వంతు వచ్చింది.

"ఇన్నేళ్లూ నేల మీద కూర్చున్నా. కాస్త పైన కూర్చునే పనేదన్నా ఉంటే ఇయ్యి" అంది.

కరుణ ఆలోచించి మావటి వేషం ఇచ్చింది. మావటి అన్నాక ఏనుగు ఉండాలి కదా. నాలుగు రోజులు కష్టపడి ఆదెమ్మ ఫోన్లో "ఏనుగు" అని రాసింది. రాయగానే ఏనుగు వచ్చేసింది. దానికి గున్నమ్మ అని పేరు పెట్టింది.

ఆ తర్వాత మానేసినవాళ్లు కూడా తిరిగి వచ్చారు, ఆ కేంద్రంలో ఎవరూ నాగా పెట్టలేదు. రాజు రాస్తాడు: "రాజు వచ్చాడు. అందరూ లేవండి." ఆదెమ్మ రాస్తుంది: "గున్నమ్మ లేవదు. దానికి కాలు నొప్పి." రాజుకు కోపం వస్తుంది. "రాజు ముందు ఏనుగు పడుకోకూడదు." "అయితే రాజే వచ్చి లేపాలి. నాలుగు బస్తాల బరువు కాదు ఇది." ఈ తగువు తొమ్మిది రోజులు నడిచింది. తొమ్మిది రోజుల్లో కాశయ్యకు కోపంగా రాయడానికి కావలసిన ఒత్తులన్నీ వచ్చేశాయి. ఆదెమ్మ కాలినొప్పికి కట్టే ఆకుల పేర్లన్నీ రాయడం నేర్చింది. రెండు నెలలు కట్టు కట్టగా కట్టగా గున్నమ్మ లేచి నడిచింది. ఆ రోజు షెడ్డులో శనగలు పంచిపెట్టారు.

కరుణ చేసిన పొరపాటు ఒకటే. నెలనెలా మండలికి పంపే నివేదికలో "ఇతరములు" అని ఒక గడి ఉంటుంది. ఏ గడీ ఖాళీగా వదలకూడదని నియమం. మొదటి నెల ఏం రాయాలో తోచక కరుణ అందులో "ఏనుగు – 1" అని రాసింది. ఎవరూ అడగలేదు. అదే రాత పద్నాలుగు నెలలు సాగింది.

పదిహేనో నెలలో మండలి సంచాలకులు వారు ఎక్కడో మూడు రోజుల సదస్సుకు వెళ్లారు. అక్కడ ఎవరో ఆయన చేతిలో ఒక పలకలాంటి ఫోను పెట్టి, వీరఖండం అనే ఆన్‌లైన్ ఆట ఆడించారు. ఆయన ఒక కోడిని చంపారు. తిరిగి వచ్చాక మనిషి మునుపటిలా లేరంటారు. వారం తిరక్కుండా ఉప సంచాలకులు త్రివిక్రమరావు గారు జీపులో ఆదేశం పట్టుకుని మా షెడ్డుకు వచ్చారు. ఆయన మాట్లాడితే కాగితం మాట్లాడినట్టే ఉంటుంది.

"అభ్యాసకులారా! రాతపూర్వక పాత్రధారణ అనునది కాలం చెల్లిన ప్రక్రియగా మండలి గుర్తించినది. కావున మీరందరూ మీ మీ పాత్రలను తక్షణమే వీరఖండంలోనికి బదలాయించుకొనవలెను. దీనికి మండలి పెట్టిన పేరు, అక్షరం దాటిన అక్షరాస్యత."

"అక్షరం దాటి యాడికి పోతామయ్యా? ఇప్పుడే గదా దాని దగ్గరికొచ్చింది" అంది ఆదెమ్మ.

"సదరు ప్రశ్న ఆదేశపు పరిధిలో లేదు" అన్నారు ఆయన.

ఇరవై పలకలు దించారు. పాత గ్రూపులో ఇకమీదట ఎవరూ ఏమీ రాయకూడదన్నారు. రాస్తే అది సమాంతర కార్యక్రమం నిర్వహించినట్టు అవుతుందట.

మర్నాడు అందరం వీరఖండంలోకి దిగాం. అక్కడ రాజు లేడు, మావటి లేడు. వీరుడు, మంత్రగాడు, పూజారి, దొంగ, ఈ నాలుగే పాత్రలు. ఒక్కో కేంద్రానికి ఒక్కో పాత్ర ఐదేసి చొప్పున కేటాయించారు. కాశయ్య బజారుకెళ్లి వచ్చేలోపు మంచివన్నీ అయిపోయాయి.

"దొంగలో మాత్రమే ఖాళీ ఉంది, కాశయ్య గారూ" అంది కరుణ, తలెత్తకుండా.

"రాజుని తీసుకొచ్చి దొంగని చేస్తారా? నా జన్మలో ఒక బస్తా గింజ ఎత్తుకుపోయినోణ్ణి కాదే!"

"ఇప్పుడు నేర్చుకో" అంది ఆదెమ్మ. "నీ రాజ్యంలో పన్నుల సంగతి మాకు తెలవదా?"

అన్నదే గానీ ఆమెకూ నవ్వు నిలవలేదు. ఆమెకు దొరికింది వీరుడు. బారెడు మీసాలు, గుండ్రాళ్ల లాంటి కండలు, మొలకు ఒక తోలుముక్క, చేతిలో కర్ర.

"అమ్మాయ్, ముందు వీడికి ఒక పంచె కట్టు" అంది.

"ఇందులో గెలిస్తే మెట్టు ఎక్కుతాం, చస్తే దిగుతాం. పంచె మూడో మెట్టులో వస్తుంది పెద్దమ్మా. చొక్కా ఏడో మెట్టు."

"ఏనుగు?"

కరుణ చూసి చెప్పింది. "నలభయ్యో మెట్టు."

ఆదెమ్మ వేలితో మెట్లు లెక్కపెట్టింది. వీరుణ్ణి అడవి వైపు నడిపించింది. తోడేలు వచ్చి తినేసింది. మళ్లీ నడిపించింది. మళ్లీ తినేసింది. ఆ మధ్యాహ్నం పదకొండుసార్లు తినేసింది.

వీరఖండంలో మాట్లాడుకోవడానికి ఎనిమిది బొత్తాలు ఉన్నాయి. నవ్వు, ఏడుపు, దండం, తిట్టు, నాట్యం, గెంతు, పరుగు, కొట్టు. వీటితోనే సమస్తం. కాశయ్య వేళ్లు మొద్దు కావడం వల్ల ఏడుపు నొక్కబోతే నాట్యం పడేది. మా చాప మీది ఒకామె తన అన్న పోయాడని చెబితే, ఆమె చుట్టూ ఒక దొంగ అరగంట సేపు నడుం తిప్పుతూ ఆడాడు. ఆమె పాపం తిట్టు నొక్కబోయి గెంతు నొక్కింది.

రెండు వారాలు గడిచాయి. ఆదెమ్మ ఒక రోజు పలక పక్కన పెట్టి అడిగింది.

"అమ్మాయ్, ఇందులో రాసేదేం లేదా?"

"లేదు పెద్దమ్మా. నొక్కడమే."

"పోనీ చదివేది?"

"అది కూడా గొంతు వచ్చి చెప్పేస్తుంది."

"మరి మనం దేనికొస్తన్నాం ఇక్కడికి?"

"అక్షరాస్యతకి" అంది కరుణ. ఆ మాట అని, వెళ్లి నల్లబల్ల ఊరికే తుడిచింది. దాని మీద ఏమీ లేదు.

మండలి మాత్రం జోరు మీద ఉంది. పరీక్షలు ఎత్తేసి మెట్లు పెట్టారు. ఐదో మెట్టు మూడో తరగతితో సమానం. పదో మెట్టు ఐదో తరగతితో సమానం. కాశయ్య తెలివైనవాడు. కోట గోడ వెనక కోళ్లు తిరుగుతుంటాయనీ, వాటిని ఎంతమంది కొట్టినా మళ్లీ పుడుతుంటాయనీ కనిపెట్టాడు. మూడు వందల కోళ్లను కొట్టి ఐదో తరగతి పాసయ్యాడు. సర్టిఫికెట్ తీసుకోవడానికి మండలి జిల్లా ఆఫీసుకు వెళ్లి, ఏడాదిగా నేర్చుకున్న సంతకం పెట్టబోయాడు.

"సంతకాలు చెల్లవు" అన్నారు అక్కడ. "అక్షరాస్యులందరూ వేలిముద్రే వేయాలి. మిషన్ దానికే ఉంది."

కాశయ్య బొటనవేలు తుడుచుకుంటూ తిరిగి వచ్చాడు. ఆ సర్టిఫికెట్ షెడ్డులో ఎవరికీ చూపించలేదు.

తర్వాత కార్యక్రమాన్ని లాంఛనంగా ప్రారంభించాలని వీరఖండంలోనే సభ పెట్టారు. మండలి అధ్యక్షులు, సంచాలకులు, ఉప సంచాలకులు, అందరూ పలకల్లోంచి హాజరయ్యారు. మేం షెడ్డులో కూర్చుని చూశాం. కోట ద్వారానికి రిబ్బను కట్టారు. కానీ ఆ లోకంలో కత్తెర లేదు. అధ్యక్షులు వారికి ఉన్నది కత్తి. పక్కనే పూలదండ పట్టుకుని త్రివిక్రమరావు గారు నిలబడ్డారు. అధ్యక్షులు "కొట్టు" నొక్కారు. రిబ్బను అలాగే ఉంది. త్రివిక్రమరావు గారు పడిపోయారు.

కాశయ్య ఏడవబోయి నాట్యం చేశాడు.

సమావేశపు నివేదికలో ఇలా రాశారు: "ఉప సంచాలకులు మరణించినందున వందన సమర్పణ వాయిదా వేయడమైనది." అప్పుడు ఒక సమస్య వచ్చింది. విధి నిర్వహణలో మరణించిన అధికారి ఆ పూట విధుల్లో ఉన్నట్టా, సెలవులో ఉన్నట్టా? మండలి తర్జనభర్జన పడి, మరణించిన సమయాన్ని సగం పూట సాధారణ సెలవుగా పరిగణించింది.

ఆయన్ని బతికించింది అటెండరు మస్తాను. మస్తానుకు యాభై తొమ్మిదేళ్లు, జిల్లా ఆఫీసులో తపాలా కాగితాలు తీసుకుని ముద్ర వేసే పని. రోజుకు నాలుగు కాగితాలు వస్తే ఎక్కువ. మిగతా సమయమంతా వీరఖండం ఆడి అరవై ఒకటో మెట్టు ఎక్కేశాడు. వెండి కవచంతో గుర్రమ్మీద వచ్చి, ఒక మంత్రం వేసి ఆఫీసరుగారిని లేపాడు. లేపినందుకు మస్తానుకు మెమో ఇచ్చారు. సంచాలకులు వారు రెండో మెట్టులో ఉండగా నాలుగో తరగతి ఉద్యోగి అరవై ఒకటో మెట్టులో ఉండటం క్రమశిక్షణా ఉల్లంఘన అన్నారు. ఇకమీదట ఎవరూ తమ పై అధికారిని మించిన మెట్టులో ఉండరాదని ఆదేశం వచ్చింది. దాంతో జిల్లా ఆఫీసు మొత్తం వారం రోజులు పని మానుకుని, మెట్లు దిగడానికి తోడేళ్ల ముందు వరసగా నిలబడింది.

ఇదంతా నవ్వులాటగా ఉండగానే ఆడిట్ వారు వచ్చారు.

పాత నివేదికలూ, వీరఖండంలోకి బదలాయించిన జాబితా పక్కపక్కన పెట్టి చూశారు. మా కేంద్రం నుంచి మనుషులు ఇరవై, బదిలీ అయినవారు ఇరవై. ఏనుగులు ఒకటి, బదిలీ అయినవి సున్న. ఎర్ర సిరాతో రాశారు: "ఒక ఏనుగు తక్కువ."

కరుణకు మెమో వచ్చింది. ఏడు రోజుల్లో ఏనుగును చూపించాలి, లేదా సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే కాంట్రాక్టు పొడిగించరు. కరుణ జిల్లా ఆఫీసుకు పరుగెత్తింది. ఆదెమ్మ కూడా బస్సెక్కింది, తన ఏనుగు గొడవ కదా అని.

"సార్, అది నిజం ఏనుగు కాదు. రాతలో ఏనుగు. అసలు లేదు సార్" అంది కరుణ.

త్రివిక్రమరావు గారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. "చూడమ్మా. లేని ఏనుగును పద్నాలుగు నెలలు ఉన్నట్టు చూపితే అది తప్పుడు నివేదిక. ఉన్న ఏనుగు ఇప్పుడు లేకపోతే అది దుర్వినియోగం. ఈ రెండింటిలో మీకు ఏది సమ్మతమో రాతపూర్వకంగా తెలియజేయవలసినది."

"రాతపూర్వకం కాలం చెల్లిందన్నారు గదయ్యా మీరు" అంది ఆదెమ్మ.

"సంజాయిషీలకు మినహాయింపు ఉన్నది" అన్నారు ఆయన.

బయట వరండాలో మస్తాను ఇద్దరికీ టీ తెప్పించాడు. తన పలకలో తన ఏనుగును చూపించాడు. దానికి ఒళ్లంతా ఇనుప ముళ్లు, కళ్లలోంచి నిప్పులు. "ఇంకొకరికి ఇచ్చే వీలుంటే ఇచ్చేసేవాణ్ణి అక్కా. ఈ ఆట ఒప్పుకోదు" అన్నాడు.

ఆదెమ్మ దాన్ని ఎగాదిగా చూసింది. "వొద్దులే బాయ్. దీన్ని చూస్తే గున్నమ్మ దడుసుకుంటది."

ఐదో రోజు త్రివిక్రమరావు గారే షెడ్డుకు వచ్చారు. ఆయన చెడ్డవారు కాదు. ఫైలు మూతపడితే చాలనుకునే మనిషి. ఒక తెల్లకాగితం, పెన్నూ ఆదెమ్మ ముందు పెట్టారు.

"ఒక మార్గాంతరం కలదు. సదరు ఏనుగు మరణించినట్టు దాని మావటి స్వహస్తాలతో రాసి సంతకం చేస్తే తక్కువను రద్దు చేయవచ్చును. ఏనుగు చనిపోయింది, ఈ రెండు మాటలు చాలు. పంతులమ్మ ఉద్యోగం నిలబడుతుంది."

షెడ్డులో అందరూ ఆదెమ్మ వైపు చూశారు. కరుణ మాత్రం చూడలేదు. కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడింది.

"రాసెయ్యి ఆదెమ్మా, రెండు మాటలే గదా" అన్నాడు కాశయ్య.

"నీ రాజు చచ్చాడని నువ్వు రాయి, చూద్దాం."

దొంగగా బతుకుతూ నాలుగు నెలలైనా, రాజు ఎక్కడో సింహాసనం మీద కూర్చునే ఉన్నాడని కాశయ్య నమ్మకం. లేచి వెళ్లి బయట బీడీ వెలిగించుకున్నాడు.

ఆదెమ్మ పెన్ను పట్టుకుంది. "ఏనుగు" అని రాసింది. ఆ మాట ఆమె చేతికి ఎంత అలవాటంటే కళ్లు మూసుకుని రాయగలదు. తర్వాతి అక్షరం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్లూ తను ఏది రాస్తే అది జరిగింది. కట్టు కట్టానని రాస్తే కట్టు పడింది. నడిచిందని రాస్తే నడిచింది. ఇప్పుడు చనిపోయిందని రాస్తే అది చనిపోతుంది. చంపిన చెయ్యి ఇదే అవుతుంది. రాయకపోతే, తన చేతిలో పెన్ను పెట్టిన పిల్ల ఉద్యోగం పోతుంది.

"నాకు రేపటి దాకా టయం ఇయ్యండయ్యా" అంది. "నాది నిదానం చెయ్యి."

ఆయన అనుమతించారు. ఏడు రోజుల గడువులో ఇంకా రెండు రోజులు మిగిలే ఉన్నాయి.

మర్నాడు ఆదెమ్మ పొద్దున్నే స్నానం చేసి, అరుగు మీద కూర్చుని, ఆ కాగితమే ముందేసుకుంది. "ఏనుగు" అన్న మాట పక్కన చోటు ఉంది. అక్కడి నుంచి మొదలుపెట్టింది. పది గంటలకల్లా కాగితం రెండు వైపులా నిండింది. మడిచి రొంటిన దోపుకుని బస్సెక్కింది. ఎవరికీ చెప్పలేదు.

జిల్లా ఆఫీసులో త్రివిక్రమరావు గారు గదిలో తలుపు వేసుకుని ఉన్నారు. సంచాలకులు వారితో వీరఖండంలో సమీక్షా సమావేశం. వరండాలో మస్తాను బల్ల మీద ముద్ర, సిరాదిండు, తపాలా రిజిస్టరు. ఆదెమ్మ కాగితం ఇచ్చింది. ఆయన చదివాడు.

"ఏనుగు నిన్న షెడ్డు నుంచి బయలుదేరింది. నేను దాని మెడ మీద కూర్చున్నాను. హైవే దాటేటప్పుడు రెండు లారీలు ఆగాయి. డ్రైవర్లు దండం పెట్టారు. చెరకు బండి వాడు నాలుగు గడలు ఇచ్చాడు. టోల్ గేటు దగ్గర ఆపి ఇది ఏ బండి కిందకు వస్తుందని అడిగారు. బండి కాదన్నాను. పోనిచ్చారు. మీ ఆఫీసు గేటు సన్నం. కొంచెం గోడ రాలింది. లోపల వేపచెట్టుకు కట్టేశాను. మీ ఏనుగును మీకు అప్పగించాను. దీని పేరు గున్నమ్మ. ముందు కుడికాలు చూసుకోండి. నీళ్లు పెట్టేటప్పుడు పేరుతో పిలవండి. ఇట్లు, ఆదెమ్మ, మావటి."

మస్తాను తల ఎత్తి వేపచెట్టు వైపు చూశాడు. చెట్టు కింద ఒక స్కూటరు ఉంది. ఆదెమ్మ ముఖం చూశాడు. మళ్లీ కాగితం చూశాడు.

"ఏనుగు అప్పగించానంటున్నావు అక్కా."

"అవును బాయ్."

"నా పని కాగితంలో ఏముందో నిజమా కాదా అని చూడటం కాదు. ముప్పై రెండేళ్లుగా వచ్చిన కాగితానికి ముద్ర వేస్తున్నా. ఇది వచ్చింది" అని, సిరాదిండు మీద ముద్ర గట్టిగా అద్ది, కాగితం మీద దించాడు. "స్వీకరించడమైనది." తేదీ వేశాడు, వరస సంఖ్య వేశాడు. రిజిస్టరులో విషయం అన్న గడిలో "ఏనుగు – 1 – అప్పగింత" అని ఎక్కించాడు. ఒక రసీదు చింపి ఆదెమ్మ చేతిలో పెట్టాడు.

సాయంత్రం త్రివిక్రమరావు గారు ఆ కాగితం మూడుసార్లు చదివారు. ముద్రను వేలితో రుద్ది చూశారు. మస్తానును పిలిచారు.

"ఏమయ్యా, ఏనుగును ఎందుకు స్వీకరించావు?"

"వచ్చింది సార్, స్వీకరించాను. వెనక్కి పంపమంటే పంపుతాను. అయితే ఎందుకు పంపుతున్నామో కారణం రాయాలి. కారణం మీరే రాయాలి."

ఆయన ఏ కారణమూ రాయలేకపోయారు. ఆడిట్ వారు వచ్చి ఆ ముద్ర చూశారు, రసీదు చూశారు. తృప్తిపడి ఎర్ర సిరా గీత కొట్టేశారు. కేంద్రంలో తక్కువ తీరిపోయింది. కరుణ కాంట్రాక్టు పొడిగించారు. అయితే ఇప్పుడు జిల్లా ఆఫీసులో ఏనుగు ఒకటి ఎక్కువ. చనిపోయిందని రాద్దామంటే, వచ్చిన వారంలో ఆఫీసు ఆవరణలో ఏనుగు ఎలా చచ్చిందని అటవీ శాఖ అడుగుతుంది. పారిపోయిందని రాద్దామంటే పోలీసులు అడుగుతారు. వీరఖండంలోకి బదలాయిద్దామంటే నలభయ్యో మెట్టు ఎక్కాలి, రెండో మెట్టును మించరాదని ఆయనే సంతకం పెట్టి ఉన్నారు. ఏ దారి పట్టినా మూసుకుపోయేసరికి ఆయన పెన్ను తీసి ఆదెమ్మకు ఉత్తరం రాశారు.

"సదరు ఏనుగు మేత వివరములు తక్షణమే తెలియజేయవలసినది."

ఆదెమ్మ తెలియజేసింది. మూడు పేజీలు. ప్రభుత్వ ఉత్తరానికి జవాబు కాబట్టి దాన్ని సమాంతర కార్యక్రమం అనడానికి ఎవరికీ నోరు లేదు. ఆయన మళ్లీ రాశారు: "నిన్నటి నుంచి మేత ముట్టుటలేదు. కారణమేమి?" ఆమె రాసింది: "కొత్త చోటు. బెంగ పెట్టుకుంది. మీరు దగ్గర కూర్చుని మాట్లాడండి." వారం తర్వాత, ఆవరణలో చాలినంత నీరు లేదని, ఏనుగును మావటి సంరక్షణలో పాత చోటికి పంపాలని ఉత్తర్వు వచ్చింది. దాని సంగతులన్నీ రాతలో మాత్రమే నివేదించాలన్నారు. కాశయ్య ఆ ఉత్తర్వు అడిగి తీసుకుని, కూడబలుక్కుని చదివి, ఆ పూటే ఒక అర్జీ రాశాడు. "ఏనుగు ఉన్న చోట రాజు లేకపోవడం నియమ విరుద్ధం. కావున నన్ను దొంగతనం నుంచి విముక్తుణ్ణి చేయగలరు." చేశారు. తర్వాత ఏనుగు స్నానానికి నది కావాలని ఒకరు రాశారు. నదికి పడవవాడు కావాలని ఒకరు రాశారు. నెల తిరిగేలోగా మణిగిరి మొత్తం ఫైల్లోకి లేచి వచ్చింది. పలకలు షెడ్డు మూలన ఒకదాని మీద ఒకటి పేర్చారు.

అయినా ఒక గండం మిగిలింది. ఏనుగును అధికారి స్వయంగా తనిఖీ చేసి, అది ఉన్నట్టు ధ్రువీకరించకపోతే ఉత్తర్వు రద్దవుతుంది. ఒక మధ్యాహ్నం త్రివిక్రమరావు గారు షెడ్డుకు వచ్చారు. చాప మీద చోటు చేశాం. ఆయన ప్యాంటు మడతలు చూసుకుంటూ కూర్చున్నారు. తనిఖీ పుస్తకం తెరిచారు. పెన్ను మూత తీశారు. ఎదురుగా ఖాళీ నేల, అవతల గోనెలో కట్టిన పొగాకు చెక్కులు.

ఆయన చాలాసేపు ఏమీ రాయలేదు. లేదని రాస్తే అంతటితో సరి.

"అయ్యా" అంది ఆదెమ్మ మెల్లగా. "ఎక్కుతారా?"

ఆయన కళ్లజోడు పైనుంచి ఆమెను చూశారు. డ్రైవరు బయట జీపులో నిద్రపోతున్నాడా లేదా అని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు. తర్వాత వంగి, చిన్న పిల్లాడు పరీక్షలో రాసినట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎక్కితిని" అని రాశారు.

"మెడ మీద కాదయ్యా, అది నా చోటు. ఎనక్కి జరిగి తాడు పట్టుకోండి. లేస్తది ఇప్పుడు."

ఆయన పెన్ను గబగబా కదిలింది. "పట్టుకున్నాను. లేచింది. మెల్లగా, మెల్లగా" అని రాశారు. నుదుట చెమట పట్టింది. కాశయ్య తన పుస్తకంలో రాజు చేత దారి ఇప్పించాడు.

సరిగ్గా అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. సంచాలకులు వారు. ఆ గదమాయింపు చాప చివర కూర్చున్నవాళ్లకు కూడా వినపడింది. వీరఖండంలో అత్యవసర సమావేశమట, ఒక్క నిమిషంలో కోట ముందు ఉండాలట.

త్రివిక్రమరావు గారు ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టుకున్నారు. రెండు చేతులూ ఖాళీగా లేవు మరి.

"క్షమించాలి సార్" అన్నారు. "నేను ఏనుగు మీద ఉన్నాను. దిగడానికి టైం పడుతుంది."

దారా వెంగమ్మ
వయసు అరవై ఆరు
ప్రస్తుతం ఉండేది టంగుటూరు, రైల్వే గేటు వెనక వీధి